బోర్లించిన ముంత

"పిడికిలమ్మా! ప్రభువు పిడికిలీ!"

వీధి ఆ చివర నుంచి కేక. అది వినపడితే చాలు, తలుపులు తెరుచుకునేవి, ముంతలు గడపల మీదికి వచ్చేవి, కుక్కలు కూడా మొరగడం మాని తోక ఊపేవి. ఎందుకంటే ఆ కేక దయామణిది. ఆమె వెనకాలే గంపలో కుండ మోసుకుంటూ ఆమె గాడిద వచ్చేది.

అనగనగా అంటే మరీ అంత పాతకాలమేం కాదు పిల్లలూ. ఉప్పును కుంచాలతో కొలిచి, గాడిదల మీద సంతకు తోలే రోజులు. సముద్రపు పాయ ఒడ్డున ఉప్పుదిబ్బ అని ఒక ఊరు. ఊరంటే ఒకటే వీధి. ఆ వీధికి ఒక చివర తాటాకులు కప్పిన ప్రార్థన మందిరం, రెండో చివర దయామణి గుడిసె. ఆ రెంటికీ మధ్య ఉన్నవాళ్లందరూ మడుల్లో ఉప్పు పండించుకుని బతికేవాళ్లే, ప్రభువును నమ్ముకున్నవాళ్లే.

ఆ ఊరికి ఒక ఆచారం ఉండేది. ఏ ఇల్లాలైనా పొయ్యి మీద ఎసరు మరిగాక బియ్యం కడగబోతూ, అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న మట్టి ముంతలో వేసేది. అది ప్రభువు పిడికిలి. ఇంట్లో శేరు బియ్యమున్నా పిడికెడే, సోలెడున్నా పిడికెడే. శనివారం పొద్దున ఆ ముంతను గడప మీద పెట్టాలి. కుండ మోసే మనిషి కేక వేసుకుంటూ వచ్చి ముంతలన్నీ తన కుండలోకి వంచుకుంటుంది.

అయితే అసలు సంగతి వినండి. ఎవరింట్లో పొయ్యి చల్లారిపోయిందో వాళ్లు ముంతను బోర్లించి పెట్టేవాళ్లు. అంతే. నోరు విప్పి అడగక్కర్లేదు, ఎవరి ముందూ చెయ్యి చాపక్కర్లేదు. కుండ మోసే మనిషి వెళ్లేటప్పుడు బోర్లించిన ముంతను చూసీ చూడనట్టు దాటిపోతుంది. తిరిగి వచ్చేటప్పుడు దాన్ని వెల్లకిలా తిప్పి, నిండా బియ్యం పోసి, మాట్లాడకుండా పోతుంది. "ఎందుకు బోర్లించావు?" అని అడగడం ఆ ఊళ్లో పాపం కింద లెక్క.

ఆ కుండ దయామణికి అత్తగారి నుంచి వచ్చింది. ముసలావిడ కన్ను మూస్తూ కోడలి చెయ్యి పట్టుకుని చెప్పిన ఆఖరి మాట కూడా కుండ గురించే. "అమ్మాయ్, ఈ కుండ ఊరిది. మోసే చెయ్యి తన కోసం ఇందులోకి దిగకూడదు." దయామణి ఆ మాటను కొంగున ముడి వేసుకుంది. ఆ తర్వాత సమాధానం అనే పేరున్న ఆమె భర్త కూడా విషజ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. మిగిలింది కుండ, ఒక ఉప్పు మడి, ఒక గాడిద.

గాడిద పేరు షావుకారు. కళ్లు సగం మూసుకుని, బొజ్జ ముందుకు పెట్టుకుని, అచ్చం కొట్టు మీద కూర్చున్న పెద్దమనిషిలా నిలబడేది. అందుకని ఆ పేరు. నవ్వకండి. ఈ కథలో తెలివైన మాట అన్నది అదొక్కటే.

ఆ ఏడు తుపాను వచ్చింది.

ఒక్క రోజు గాలి, ఒక్క రోజు వాన. దిబ్బలు పోసిన ఉప్పంతా కరిగి మళ్లీ సముద్రంలోకే పోయింది. మడుల నిండా బురద. మందిరం కప్పు లేచిపోయింది. మళ్లీ ఎండలు ముదిరేదాకా ఉప్పు లేదు, ఉప్పు లేకపోతే సంత లేదు, సంత లేకపోతే బియ్యం లేదు.

శనివారాలు మాత్రం ఆగలేదు. దయామణి కేక వేస్తూనే ఉంది. వారం వారం నిలబడ్డ ముంతలు తగ్గిపోతున్నాయి, బోర్లించిన ముంతలు పెరిగిపోతున్నాయి. వెళ్లేటప్పుడు కుండ బరువెక్కేది కాదు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం నిండా పోయవలసిన ముంతలే ఎటు చూసినా. ముంతకు సగం పోసేది. తర్వాత పావు పోసేది. ఆఖరికి కుండ అడుగు చేత్తో తుడిచి పోసేది.

తన గడప మీద కూడా ఒక ముంత ఉండేది. నిటారుగా, ఠీవిగా నిలబడి ఉండేది. లోపల మాత్రం గింజ లేదు. ఇంట్లో పొయ్యి రాజుకుని ఎన్నాళ్లయిందో ఆ పొయ్యిలో ముడుచుకుని పడుకునే పిల్లికే తెలియాలి.

మరి బోర్లించవచ్చు కదా అంటారా? అక్కడే ఉంది తిరకాసు. అందరి గడపకూ వెళ్లేది దయామణి. దయామణి గడపకు వచ్చేదెవరు? పైగా ఆమె మనసులో ఇంకో భయం. 'కుండ మోసేదే ఖాళీ అయిందని తెలిస్తే, ఊళ్లో వాళ్లకు ధైర్యం ఎవరిస్తారు? నా ముంత బోర్లా పడితే నా విశ్వాసం బోర్లా పడ్డట్టే కదా?'

అలా అనుకుని, కడుపు మీద తడిగుడ్డ వేసుకుని తిరిగేది. ఇలా ఉండగా ఆమెకు మూడు పిలుపులు వచ్చాయి.

మొదటి పిలుపు పక్కింటి కృపమ్మది.

"దయామణక్కా! ఓ అక్కా! ఎసరు పెట్టాను, అందులో పోయడానికి ఏమీ లేదు. పిల్లలు పొయ్యి చుట్టూ కూర్చున్నారు. శనివారం దాకా ఆగేలా లేరు. నీ దగ్గరేమైనా ఉందా?"

దయామణి దగ్గర నాలుగు గుప్పిళ్ల నూకలున్నాయి. ఆ పూట గంజి కాచుకుందామని దాచుకున్నవి. "ఉన్నాయిలే, నాకింకా బోలెడున్నాయి" అంటూ కొంగులో పోసుకుని వెళ్లి ఇచ్చేసింది. ఇంటికి వచ్చి నీళ్లు తాగి పడుకుంది. అలా తిండి పోయింది.

రెండో పిలుపు సంఘపెద్ద నతానియేలు గారిది. మంచివాడే, కాకపోతే నోటి నిండా బోధ.

"అమ్మా దయామణీ, ఆదివారానికి మందిరం కప్పు వేయాలి. తాటాకులు అందించే మనిషి కావాలి. నువ్వైతే మాట తప్పవు."

ఎండలో, ఖాళీ కడుపుతో తాటాకులు అందించింది. చూస్తుండగానే కళ్ల ముందు నల్లటి తెర దిగింది. నిచ్చెన పట్టుకుని నిలబడిపోయింది.

"ఏమ్మా, నీరసమా?" అన్నాడు పెద్దగారు నిచ్చెన మీద నుంచే. "విశ్వాసికి నీరసమేమిటమ్మా! ప్రార్థన తక్కువైతేనే నీరసం. మోకాళ్లు వెయ్యి, అన్నీ సర్దుకుంటాయి."

"అలాగే పెద్దగారూ" అంది దయామణి. ఆ మాట ముల్లులా దిగింది. 'నిజమే కాబోలు. నా ప్రార్థనే తక్కువైంది' అనుకుంది. మిగిలిన ఆకులన్నీ అందించి, గోడలు పట్టుకుని ఇంటికి చేరింది. అలా ఒంట్లో సత్తువ కూడా పోయింది.

మూడో పిలుపు ఇశ్రాయేలు తాతది. రెండు కళ్లూ కనపడవు. ఒంటరివాడు. ఛాతీలో కఫం పట్టి మంచాన పడ్డాడు.

"అమ్మాయ్ దయామణీ, నాకేమీ వద్దే. బియ్యం వద్దు, మందు వద్దు. నా తల మీద చెయ్యి పెట్టి ఒక్క ప్రార్థన చెయ్యి. నీ గొంతు వింటే నాకు నిద్ర పడుతుంది."

దయామణి చెయ్యి పెట్టింది, కళ్లు మూసుకుంది, నోరు తెరిచింది.

ప్రార్థన రాలేదు.

ఊరందరికీ చేసిన ప్రార్థన. భర్త పోయిన రోజున కూడా ఆగని ప్రార్థన. 'ప్రభువా' అన్న ఒక్క మాట గొంతు దాకా వచ్చి, అక్కడే ఎండు చేప ముల్లులా అడ్డం పడింది. తాత కాసేపు ఎదురు చూసి, "సరేలే తల్లీ, ప్రభువుకు మనసులో మాట కూడా వినపడుతుందిలే" అన్నాడు. ఆ దయను ఆమె భరించలేకపోయింది. ముఖం కొంగులో దాచుకుని వీధిన పడింది.

తిండి పోతే ఊరుకుంది. సత్తువ పోతే ఓర్చుకుంది. ప్రార్థన కూడా పోయాక ఇంకేం మిగిలింది? ఇంట్లో గోడకు చేరగిలబడి కూర్చుంది. ఏడుద్దామంటే కన్నీళ్లు రావడం లేదు. పైన తాటాకుల సందుల్లోంచి ఆకాశం కనపడుతోంది. దానికి మాత్రం దయామణి కనపడుతున్నట్టు లేదు.

'ఇక చాలు' అనుకుంది. 'నాలాంటి దాన్ని నమ్ముకుని ఊరు మోసపోతోంది. పాయ దాటి ఎక్కడికో పోతాను. నేను లేకపోతే కుండను ఇంకెవరైనా మంచి విశ్వాసి మోస్తుంది.'

మర్నాడు శనివారం. ఊరు లేచేలోపే, తూరుపు తెల్లబడుతుండగా షావుకారును విప్పుకుని పాయ వైపు నడిచింది. కేక వేయలేదు. గంపలో కుండ ఉందన్న సంగతి కూడా మర్చిపోయింది.

రేవులో నీళ్లు మోకాలి లోతు. నీళ్ల అంచుకు రాగానే గాడిద ఆగిపోయింది.

మొదట తాడు పట్టి లాగింది. కదల్లేదు. తర్వాత బతిమాలింది, "నా తండ్రి కదూ, నా షావుకారు కదూ" అని. చెవి కూడా ఊపలేదు. మూడోసారి ఒడ్డున పడి ఉన్న కర్ర ఎత్తింది.

అప్పుడు గాడిద మాట్లాడింది.

గాడిద మాట్లాడడమేంటని అడక్కండి. పూర్వం ఒక ప్రవక్త ఎక్కిన గాడిద మాట్లాడిందని ఆదివారం బడిలో మీకు చెప్పారా లేదా? మనుషులు వినే స్థితిలో లేనప్పుడు ప్రభువు ఎవరి నోరు దొరికితే ఆ నోరు వాడుకుంటాడు మరి.

"కొట్టేముందు ఒక్కటి చెప్పు" అంది షావుకారు. "ఉప్పు బస్తాలు మరీ ఎక్కువైతే నేనేం చేస్తాను?"

దయామణికి ఆశ్చర్యపోయే ఓపిక కూడా లేదు. "కూలబడతావు" అంది. "సిగ్గు లేకుండా నడి సంతలో కూలబడతావు."

"అప్పుడు నువ్వేం చేస్తావు?"

"తిడతాను."

"అది తెలుసు, ఊరంతా వింటారు. ఆ తర్వాత?"

"బస్తా దించుతాను."

"నీళ్లు?"

"పెడతాను. గుప్పెడు గడ్డి వేస్తాను."

"మరి నువ్వెప్పుడైనా కూలబడ్డావా?"

ఎత్తిన కర్ర మెల్లగా కిందికి దిగింది.

"పరిగెత్తే గాడిద వీపు మీది బస్తాను ఎవడు దించగలడు?" అంది షావుకారు. "ఆగితేనే కదా దించేవాడి చెయ్యి అందేది! నేను గాడిదను కాబట్టి నాకిది తెలుసు. నువ్వు మనిషివి, పైగా కుండ మోసేదానివి. తెలియకపోవడంలో నీ తప్పేం లేదు."

"నా ముంత బోర్లిస్తే ఊళ్లో ఏమనుకుంటారు?"

"నేను కూలబడితే సంతలో ఏమనుకున్నారో నన్ను ఎప్పుడైనా అడిగావా?"

అంతే అంది. ఆ తర్వాత అది బతికినన్నాళ్లూ మళ్లీ ఒక్క మాట మాట్లాడలేదు. చెప్పవలసింది అయిపోయాక నోరు మూసుకోవడం గాడిదలకు తెలిసినంత మనకు తెలియదు.

దయామణి చేతిలో కర్ర జారిపోయింది. అక్కడే బురదలో కూలబడింది. చాలాసేపటికి నోట్లోంచి రెండు ముక్కలు వచ్చాయి. "ప్రభువా, నావల్ల కాదు."

అది ప్రార్థన అని ఆమె అనుకోలేదు. ఆకాశం తెరుచుకోలేదు, ఒంట్లోకి బలమేమీ వచ్చి పడలేదు. అలల చప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. లేచి, గాడిద మెడ పట్టుకుని, వచ్చిన దారినే ఇంటికి నడిచింది.

గడప మీద తన ముంత నిటారుగా నిలబడి ఉంది. దాన్ని ఎత్తింది. చుట్టూ ఒకసారి చూసి, బోర్లించింది.

లోపలికి పోయి తలుపు చాటున కూర్చుంది. తెల్లగా తెల్లవారిపోయింది. వీధిలో ఒక్కో గడప మీదికీ ముంతలు వస్తున్నాయి. కేక మాత్రం లేదు.

మొదట ఆ దారిన వచ్చినవాడు నతానియేలు గారు. చేతిలో తాటాకు, నోట్లో పాట. ముంతను చూసి ఆగాడు. దయామణి తలుపు సందులోంచి చూసింది.

"ఏమిటిది? ముంత పడిపోయింది" అన్నాడు తనలో తాను. "కోడి తన్నినట్టుంది. ఈ ఊళ్లో కోళ్లకు కూడా భయభక్తులు లేకుండా పోయాయి!" అంటూ ముంతను శుభ్రంగా నిలబెట్టి, దుమ్ము దులిపి, పాడుకుంటూ వెళ్లిపోయాడు.

పాపం, ఆయనను ఏమీ అనకండి. దయామణి ముంత బోర్లా ఉండగలదని ఆయనకు తట్టలేదు, అంతే.

దయామణి మెల్లగా బయటికి వచ్చి మళ్లీ బోర్లించింది. ఈసారి మొదటిసారి కంటే కష్టమైంది.

రెండోసారి వచ్చింది కృపమ్మ. నీళ్ల బిందె చంకన పెట్టుకుని, ముంతను చూసి నిలబడింది. "అక్కా! ముంత కడిగి ఆరబెట్టావా? మంచి పని చేశావు. ఏమిటివాళ ఇంకా కేక వెయ్యలేదు? త్వరగా రా, మా ముంత గడప మీదే పెట్టాను!" అని కేకేసి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

ఇది ఇంకా లోతుగా కోసింది. చూడకపోతే ఒక బాధ, చూసి కూడా అర్థం కాకపోతే ఇంకో బాధ. 'ప్రభువుకు కూడా నేను ఇలాగే కనపడుతున్నానేమో' అనుకుంది దయామణి. 'కడిగి ఆరబెట్టిన ముంతలా. ఏ లోటూ లేనిదానిలా.'

చాలు, ఈ సిగ్గు చాలు. ముంతను లోపల దాచేద్దామని గడప మీదికి వంగింది. చెయ్యి ముంత మీద పెట్టింది.

అప్పుడే ఇంకో చెయ్యి వచ్చి అదే ముంత మీద పడింది. ముడతలు పడిన చెయ్యి. ఇశ్రాయేలు తాత, కర్ర తాటించుకుంటూ, గోడలు తడుముకుంటూ, దగ్గుతూ వచ్చి నిలబడ్డాడు.

"కేక వినపడలేదే అమ్మాయ్. శనివారం అవునా కాదా అని నా మీద నాకే అనుమానం వచ్చింది" అన్నాడు. ఇంతలో ఆయన వేళ్లు ముంత అడుగు చుట్టూ తిరిగాయి. ఆగాయి. మళ్లీ తిరిగాయి. వారం వారం తన ముంతను తానే బోర్లించుకునే మనిషి. ముంత అడుగు ఎలా ఉంటుందో ఆయన వేళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

"ఎవరిదీ ముంత?"

"నాదే తాతా."

"బోర్లా ఉందే."

దయామణి నోటి చివరకు కృపమ్మ మాట వచ్చింది. 'కడిగి ఆరబెట్టాను.' అదొక్కటి అంటే అయిపోయేది. తాత నమ్మేవాడు, ఊరు నమ్మేది, సిగ్గు మిగిలేది కాదు. ఆమె ఆ మాటను మింగేసింది.

"కడగడానికి బోర్లించలేదు తాతా. మా పొయ్యి చల్లారిపోయింది."

చెప్పేసింది. గడప మీదే కూర్చుండిపోయింది.

తాత ముంత వదిలి ఆమె పక్కకు వంగాడు. తర్వాత ఆమె తల వెతుక్కుని చెయ్యి పెట్టాడు. "నిన్న నా దగ్గర ప్రార్థన రాలేదు చూడు, అప్పటికే చల్లారిపోయిందా?"

"అంతకు ముందే తాతా. నా విశ్వాసం చచ్చిపోయింది, అందుకే నోరు రాలేదు."

"పిచ్చిపిల్లా! విశ్వాసం చావడమేంటే? కడుపులో గంజి లేకపోతే గొంతులో మాట ఎక్కడి నుంచి వస్తుంది? వెనకటికి ఒక ప్రవక్త ఉండేవాడు. రాజులను గడగడలాడించినవాడు. ఆయన కూడా ఒకనాడు ఎడారిలో చెట్టు కింద పడుకుని, ఇక చచ్చిపోతాను ప్రభువా అన్నాడు. అప్పుడు ప్రభువేం చేశాడో తెలుసా? తిట్టలేదు. బోధ చెయ్యలేదు. నిప్పుల మీద రొట్టె కాల్పించి, తల దగ్గర నీళ్లు పెట్టించి, లేచి తినమన్నాడు. తిని మళ్లీ పడుకున్నాడు ఆ మహానుభావుడు. మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. పని మాట తర్వాత. ముందు అన్నం."

దయామణి ఆ కథ చిన్నప్పటి నుంచీ విన్నదే. ఊళ్లో పిల్లలకు చెప్పిందే. అందులో రొట్టె ఉందన్న సంగతి మాత్రం ఆ రోజే వినపడింది.

తాత కర్ర గోడకు ఆనించాడు. తడుముకుంటూ పోయి షావుకారు తాడు పట్టుకున్నాడు.

"తాతా, ఎక్కడికి?"

"నువ్వు లోపల కూర్చో. లేచావంటే కర్రతో వేస్తాను, ఎక్కడ తగులుతుందో నాకు కూడా తెలియదు."

షావుకారుకు దారి చెప్పక్కర్లేదు. శనివారం ఏ గడప దగ్గర ఆగాలో, ఎంతసేపు ఆగాలో దానికి కంఠతా వచ్చు. గాడిద ముందు నడిచింది, గుడ్డి తాత దాని వెనక నడిచాడు. దగ్గు మధ్యలోంచి, పగిలిన గొంతుతో కేక లేచింది.

"పిడికిలమ్మా! ప్రభువు పిడికిలీ!"

ఇన్నేళ్లుగా ఆ కేక వేసిందే తప్ప, ఇంట్లో కూర్చుని దాన్ని ఎప్పుడూ వినలేదు దయామణి. ఆ కేక ఇలా ఉంటుందని ఆమెకు తెలియదు. అది అడుగుతున్నట్టు లేదు. ఎవరో తన కోసం బయలుదేరి వస్తున్నట్టు ఉంది. ఎండిపోయాయనుకున్న కన్నీళ్లు అప్పుడు వచ్చాయి, ఆగకుండా వచ్చాయి.

వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. "ఇదేంటి, తాత కేక వేస్తున్నాడు? దయామణి ఏదీ?"

తాత ప్రతి గడప దగ్గరా ఒక్కటే మాట అన్నాడు. "ఇవాళ అన్నిటికంటే చివరి ఇంట్లో ముంత బోర్లా ఉంది."

ఎందుకు అని ఎవరూ అడగలేదు. అడగడం పాపం కదా. కానీ విన్నవాళ్ల ముఖాలు మాడిపోయాయి. ఆ ఇంటి గడప తొక్కి ఎన్నాళ్లయిందో ఎవరికి వారు గుర్తు చేసుకున్నారు. గుర్తు రాలేదు.

అందరికంటే ముందు కృపమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. గుప్పిట బిగించి ఉంది. దయామణి ముందు మోకాళ్ల మీద కూలబడి గుప్పిట విప్పింది. అందులో నూకలు.

"నువ్వు ఆ రోజు ఇచ్చినవే అక్కా" అంది వెక్కుతూ. "ఎసట్లో పోసేముందు అలవాటు కొద్దీ ఒక పిడికెడు తీసి ప్రభువు ముంతలో వేశాను. బోలెడున్నాయన్నావు కదే! నీ నోటి దగ్గరవి తెచ్చిచ్చావా?"

చూశారా పిల్లలూ! ఆమె ఇచ్చిన నూకల్లోనే ఒక పిడికెడు ప్రభువు చేతిలో దాక్కుని, అక్కర వచ్చిన రోజున ఆమె గడపకే నడిచి వచ్చాయి.

ఆ వెనక నతానియేలు గారు వచ్చాడు. ఈసారి నోట్లో పాట లేదు. ముంతను చూశాడు, దయామణిని చూశాడు. "కోడి కాదన్నమాట" అన్నాడు. తర్వాత తల దించుకుని, "అమ్మా, నిచ్చెన మీద నుంచి మాట్లాడాను. కింది మనిషి ముఖం కనపడలేదు. క్షమించు" అన్నాడు. అని, తానే వంగి పొయ్యిలోంచి పిల్లిని లేపి, బూడిద ఎత్తి, నిప్పు రాజేశాడు. పొగ కళ్లలోకి పోయి ఏడ్చాడో, ఏడ్చి పొగ మీదికి నెట్టాడో ఆయనకే తెలియాలి.

ఒక్కొక్కరే వచ్చారు. ముంత నిలబెట్టినవాళ్లు పిడికెడు బియ్యం తెచ్చారు. ముంత బోర్లించినవాళ్లు కూడా ఊరికే రాలేదు. ఒకరు ఎండు కట్టెలు, ఒకరు చింతపండు, ఒకరు నాలుగు ఎండు చేపలు, ఇంకొకరు తుపానులో ఎలాగో మిగిలిన చారెడు ఉప్పు. ఎవరి ఇంట్లోనూ ఒక పూటకు సరిపడా లేదు. అందరివీ కలిస్తే పెద్ద కుండెడు అన్నమైంది. దంపుడు బియ్యం, పాత బియ్యం, నూకలు అన్నీ కలిసిన అన్నం. ఒక మెతుకు మెత్తగా, ఒక మెతుకు పలుకుగా ఉడికింది. ఎవరూ వంక పెట్టలేదు.

దయామణి అలవాటు కొద్దీ గరిటె అందుకుంది. కృపమ్మ లాగేసుకుంది. "కూర్చో అక్కా. ఇవాళ నీ చేతిలో గరిటె కనపడితే నేను తినను. వచ్చే శనివారం కుండ నేను మోస్తాను."

"ఆ పై వారం నేను" అన్నాడు నతానియేలు గారు. "ఇక మీదట ఎవరు మోసినా సరే, మొట్టమొదట మోసేవాళ్ల గడప చూశాకే కేక మొదలుపెట్టాలి. ఇది సంఘం మాట."

గుడిసె ముందు ఊరంతా బారులు తీరి కూర్చుంది. బాదం ఆకుల విస్తళ్లలో అన్నం, చింతపండు పులుసు, చేప ముక్క. షావుకారుకు కూడా గుప్పెడు గడ్డి పడింది. తాత ప్రార్థన చేశాడు. చిన్న ప్రార్థన. "ప్రభువా, ఈ పిల్ల మమ్మల్ని చాలా దూరం మోసింది. ఇవాళ నువ్వు దీన్ని మొయ్యి."

వరుస మధ్యలోంచి, బొంగురుపోయిన గొంతు ఒకటి లేచింది.

"ఆమెన్" అంది దయామణి.

ముందురోజు గొంతులో అడ్డం పడిన ప్రార్థన అలా బయటికి వచ్చింది. ఇంకేం చెప్పలేదు, చెప్పక్కర్లేదు. అన్నం కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆమె తినడం చూశాక ఊరంతా తినడం మొదలుపెట్టింది.

కనుక పిల్లలూ, పెద్దలూ, గుర్తు పెట్టుకోండి: మోయలేనప్పుడు సిగ్గుపడకుండా ఆగి, తన ఖాళీ ముంతను ప్రభువు ముందు బోర్లించి చూపించినవారికే మళ్లీ లేచి నడిచే బలం దొరుకుతుంది.